గుండీ నడుము కొలత

సెప్టెంబర్ 2

చిరంజీవి గుండీకి,

మీ మామయ్య దీవించి, ఆ వెంటనే తిట్టి రాస్తున్న ఉత్తరం.

నీకు పంపిన మనియార్డరు నిన్న పోస్టుమాన్ వెనక్కి తెచ్చి నా చేతిలో పెట్టాడు. 'తీసుకోవడానికి నిరాకరించారు' అని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది. నాకు కనబడదేమోనని అతనే గట్టిగా చదివి వినిపించాడు. దుకాణంలో ముగ్గురు గిరాకీలు కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్లుగా కుడుతున్నాను. నేను కుట్టిన బట్ట ఒక్కటి కూడా వెనక్కి రాలేదు. నేను పంపిన డబ్బు వెనక్కి వచ్చింది.

బస్సు మెట్టు మీద నిలబడి నువ్వు అన్న మాట నాకు గుర్తుంది. "కాలేజీ ఫీజు నువ్వు కట్టావు మామయ్యా. గది, తిండి, పరీక్ష ఫీజు, నా తిప్పలు నేను పడతాను" అన్నావు. బస్సు కదిలిపోతోంది కదా అని ఊరుకున్నాను గానీ ఒప్పుకుని కాదు. ఎదురుగా రెడీమేడ్ దుకాణం తెరిచినంత మాత్రాన నా దుకాణం మూతపడలేదు. మేనల్లుడికి నాలుగు డబ్బులు పంపుకోలేనంత చితికిపోలేదు.

సరే, డబ్బు వద్దన్నావు. ప్యాంటు వద్దనవు కదా. నీకున్న రెండూ నేను కుట్టినవే, వాటి మోకాళ్లు ఏ నెలలో పోతాయో నాకు తెలుసు. బూడిద రంగు గుడ్డ ఒక ముక్క ఉంది. కొలతలు తీసి రాయి. టేపు నీ పెట్టె అడుగున పెట్టాను. ఎలా ఉన్నావంటే నువ్వు ఉత్తరంలో ఏమైనా రాస్తావు. టేపు అబద్ధం చెప్పదు.

నీ మామయ్య

తా.క. పైదంతా ఆయన చెబితే రాశాను, ఇది మాత్రం మీ అత్తయ్య సొంతంగా రాస్తున్నది. అన్నం తింటున్నావా అని అడగమన్నాను. అక్కర్లేదు, టేపు చెబుతుంది అంటున్నాడు. టేపుతో మాట్లాడే మనిషితో ఇరవై రెండేళ్లుగా కాపురం చేస్తున్నాను. నువ్వైనా నాతో మాట్లాడు. తింటున్నావా?

*

సెప్టెంబర్ 7

మామయ్యకి, అత్తయ్యకి,

గుండీ నమస్కారాలు. నేనిక్కడ మహారాజులా ఉన్నాను. మీరు అనవసరంగా బెంగ పెట్టుకుంటున్నారు.

నా గది మేడ మీద ఉంది. నీళ్ల ట్యాంకు పక్కనే. నాలుగు వైపుల నుంచీ గాలి వస్తుంది. కిటికీకి అద్దం లేదు కాబట్టి తెరిచే శ్రమ లేదు. మంచం లేదు కాబట్టి నిద్రలో కింద పడే భయం లేదు. రోజూ పొద్దున్నే మోటారు వేసి, ట్యాంకు నిండగానే ఆపాలి. ఆ పని చేసినందుకు ఇంటివాళ్లు అద్దె సగమే తీసుకుంటారు. ఒకరోజు ఆపడం మర్చిపోయాను. అందువల్ల నా పుస్తకాలు అందరి పుస్తకాల కంటే శుభ్రంగా ఉన్నాయి.

తిండికి ఏ లోటూ లేదు. పొద్దున బన్ను, టీ. మధ్యాహ్నం టీ, బన్ను. రోజూ ఒకేలా తింటే విసుగు పుడుతుందని వరుస మారుస్తుంటాను. పడుకోబోయే ముందు తేలిగ్గా తినాలని డాక్టర్లు అంటారు. నేను మరీ తేలిగ్గా తింటాను. కాలేజీకి నడిచే వెళ్తాను. బస్సులో కూర్చునే చోటు దొరకదు, నడిస్తే రోడ్డంతా మనదే. సాయంత్రాలు తోటి విద్యార్థులకి నోట్సు రాసి పెడతాను. నా దస్తూరీ చూసి వాళ్లే వచ్చి అడుగుతారు, ఎంతో కొంత ఇస్తారు. అది గదికీ బన్నులకీ సరిపోతుంది.

కొలతలు ఇవిగో: పొడవు నలభై, సీటు ముప్పై నాలుగు, తొడ పంతొమ్మిది, నడుము ముప్పై నాలుగు.

నడుము చూసి కంగారు పడకండి. బన్నులో బలం ఉంటుంది.

మీ గుండీ

తా.క. మామయ్యా, టేపు పెట్టె అడుగున వృథాగా పడి లేదు. రోజూ నడుముకి కట్టుకునే కాలేజీకి వెళ్తున్నాను. నువ్వు కొలత ఎప్పుడు అడుగుతావో తెలియదు కదా, సిద్ధంగా ఉండాలి.

*

సెప్టెంబర్ 14

చిరంజీవి గుండీకి,

దీవెనలు. తిట్లు ఈసారి దాచి పెడుతున్నాను.

నువ్వు బస్సెక్కే ముందురోజు నీ నడుము ఇరవై ఎనిమిది. నా చేత్తో కొలిచాను. మూడు నెలల్లో ముప్పై నాలుగు అయింది. చాలా సంతోషం. సీటు గానీ తొడ గానీ అర అంగుళం కూడా కదల్లేదు. అంటే తిన్నదంతా నడుము దగ్గరే దిగిపోతోంది, కిందికి ప్రయాణం చేయడం లేదు. ముప్పై ఏళ్లలో ఇలాంటి మనిషిని నేను కొలవలేదు. అయినా చదువుకునేవాడి మాట కదా అని, నువ్వు రాసిన కొలతకే కుట్టి ఈ పార్సిల్‌లో పంపుతున్నాను.

ఒక్క సంగతి జాగ్రత్తగా చదువు. నడుము వదులైతే పట్టీ వెనకవైపు మధ్య కుట్టు విప్పి బిగించుకో. నువ్వే విప్పాలి. అక్కడి దర్జీ ఎవడికీ ఇవ్వకు. నా కుట్టు పరాయివాడు విప్పితే నాకు ఇక్కడ నడుం నొప్పి వస్తుంది. ఆరేళ్ల వయసు నుంచి నా మిషన్ కింద పెరిగినవాడివి, బ్లేడు ఎలా పట్టుకోవాలో నీకు చెప్పక్కర్లేదు. వదులు లేకపోయినా సరే, ఒకసారి విప్పి చూడు. కుట్టు ఎలా వేశానో తెలుస్తుంది, పని మర్చిపోకుండానూ ఉంటావు.

నీ మామయ్య

తా.క. ఆయన చెప్పినట్టు చెయ్యి నాయనా. జన్మలో ఒక్కసారి మాట విను. ఇంతకంటే రాస్తే ఆయన ఊరుకోడు, నా భుజం మీదుగా వంగి చదువుతున్నాడు. కళ్లు మసకలు కదా, ఒక్క అక్షరమూ కనబడదు. అయినా వంగాడు. - అత్తయ్య

*

సెప్టెంబర్ 30

మామయ్యకి, అత్తయ్యకి,

గుండీ నమస్కారాలు. ప్యాంటు అందింది. పోత పోసినట్టు కుదిరింది. ఒక్క కుట్టు కూడా విప్పే అవసరం రాలేదు. అంత అందమైన పని మీద బ్లేడు పెట్టడానికి చేతులెలా వస్తాయి చెప్పు.

మా కాలేజీ క్యాంటీన్‌లో వంటాయన ఉన్నాడు. భారీ మనిషి, మాట తక్కువ. ఆ ప్యాంటు చూసి గరిటె పక్కన పెట్టేశాడు. ఇలాంటి కుట్టు ఈ ఊళ్లో లేదన్నాడు. రెడీమేడ్ దుకాణాల్లో ఆయన కొలత దొరకదట, దొరికినా వంగితే నమ్మకం ఉండదట. ఆ రోజు నుంచి నాకు మధ్యాహ్నం భోజనం ఆయనే దగ్గరుండి పెడుతున్నాడు. అన్నం, కూర, గుడ్డు. పైసా అడగడు. నీ పనితనం మీద అంత గౌరవం. ఆ ప్యాంటుని ఒక్క నిమిషం కూడా వదిలి ఉండలేడు. ఆయన ఎక్కడ ఉంటే అదీ అక్కడే ఉంటుందనుకో.

ఇంకో సంగతి అడగడానికి మొహమాటంగా ఉంది. మొన్న శుక్రవారం గంగాళం ఎత్తబోతే ప్యాంటు వెనక చిరిగింది. నీ కుట్టు తెగలేదు మామయ్యా, అది ఉక్కు. కుట్టు పక్కన గుడ్డ పోయింది. కొంచెం బిగువైనట్టుంది. కాలేజీలో గంగాళం ఎందుకు ఎత్తారంటావేమో, ఇక్కడ అన్నీ నేర్పుతారు. వీలైతే ఇంకొకటి కుట్టి పంపు. తొందరేం లేదు, వీలైనంత త్వరగా చాలు. నడుము ముప్పై ఆరు.

పరీక్ష ఫీజు నోటీసు అంటించారు. నవంబర్ పదో తారీఖు ఆఖరు. కట్టకపోతే ఈ ఏడాదంతా నీళ్లపాలు. కానీ ఇంకా బోలెడు రోజులున్నాయి.

మీ గుండీ

తా.క. అత్తయ్యా, నువ్వు అడిగినదానికి జవాబు. తింటున్నాను. ఈసారి నిజం.

*

అక్టోబర్ 8

చిరంజీవి గుండీకి,

నిండు మనసుతో దీవెనలు.

నీ ఉత్తరం మీ అత్తయ్య చేత మూడుసార్లు చదివించుకున్నాను. వెనక చిరిగిందన్నావు. చిరగనీ. ఎలా తెరుచుకుంటేనేం, తెరుచుకుంది కదా. పోత పోసినట్టుందట, ఒక్క కుట్టూ విప్పలేదట. నా శిష్యుడివి అనిపించుకున్నావు. చెప్పకుండా చెప్పడం, అడగకుండా అడగడం, రెండూ పట్టుబడ్డాయి నీకు. నువ్వు దాచావు, నేను బయటపెట్టను. మనిద్దరి మధ్యే ఉండనీ.

రెండంగుళాలు పెంచమన్నావు, పెంచాను. నీ అవసరం నీకే తెలుస్తుంది. రేపు ముప్పై ఎనిమిది కావాలన్నా మొహమాటపడకు. ఇన్నాళ్లూ నోరు తెరిచి ఒక్కటీ అడగనివాడివి, ఇలాగైనా అడిగావు. నాకు ఆ రోజు అన్నం రెండు ముద్దలు ఎక్కువ వెళ్లింది. కానీ ఒక్కటే షరతు. దుబారా చేయకు. ముందు పరీక్ష ఫీజు, ఆ తర్వాతే నడుము.

ఈ ప్యాంటుకీ అదే మాట. వెనక మధ్య కుట్టు.

నీ మామయ్య

తా.క. ఆయన కళ్లజోడు ఇంకో మూడు నెలలు ఆగుతుందట. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. మొన్న ఒక గిరాకీ చొక్కాకి ఎడమవైపు కుట్టాల్సిన జేబు కుడివైపు కుట్టాడు. అదృష్టం బాగుండి ఆయనది ఎడమచేతి వాటం, మెచ్చుకుని మరీ తీసుకెళ్లాడు. ప్రతి గిరాకీకీ ఎడమచేతి వాటం ఉండదు కదా అంటే, 'ముందు వాడి నడుము, తర్వాత నా కళ్లు' అంటున్నాడు. మీ మామా అల్లుళ్ల సంగతి నాకేం అంతుబట్టడం లేదు అని రాయాలి. అందుకని రాస్తున్నాను. - అత్తయ్య

*

అక్టోబర్ 30

మామయ్యకి, అత్తయ్యకి,

గుండీ నమస్కారాలు. రెండో ప్యాంటు ఎప్పుడో అందింది. ఇదీ పోత పోసినట్టే ఉంది. గంగాళం ఎత్తినా, దించినా, కింద కూర్చుని కూరగాయలు తరిగినా ఏమీ కాలేదు.

మామయ్యా, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివినా తలాతోకా దొరకలేదు. కుట్టిన ప్యాంటు చిరిగిందంటే సంతోషించిన దర్జీని ఇప్పుడే చూస్తున్నాను. నా లావు మీద వేళాకోళం చేస్తున్నావని మాత్రం తెలిసింది. చేసుకో. కానీ అత్తయ్య రాసిన తాజా కలం చదివాక ముద్ద దిగలేదు. నా ప్యాంటు గుడ్డ కోసం కళ్లజోడు మానుకున్నావా? ఇకమీదట నాకు ఒక్క ప్యాంటు కూడా కుట్టడానికి వీల్లేదు. అందుకే నడుము తగ్గించేశాను. మళ్లీ పాత ఇరవై ఎనిమిదే. రాసిపెట్టుకో.

ఇంకో మాట రాయాలి. ఈ ఏడాది పరీక్షలు రాయడం లేదు. పాఠాలు ఇంకా బాగా ఒంటబట్టాక రాద్దామని. పరీక్షలు ఎక్కడికీ పోవు, వచ్చే ఏడాదీ పెడతారు. ఈలోగా ఇంటికి వచ్చి నీ రెండో మిషన్ మీద కూర్చుంటాను. కాజాలన్నీ నేను కుడతాను, సూదిలో దారం నేను ఎక్కిస్తాను. జేబులు ఏ వైపు ఉండాలో ఆ వైపు ఉండేలా చూస్తాను. పదో తారీఖు దాటగానే బస్సెక్కుతాను. బాధపడి చెబుతున్నానని అనుకోవద్దు. చాలా హుషారుగా ఉన్నాను. ఈ మధ్య కాలేజీకి ఆఫీసు గది ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి వెళ్తున్నాను. నడకకి మంచిది, గుమాస్తా కూడా కనబడడు.

మీ గుండీ

తా.క. పరీక్ష రాయడం లేదని వంటాయనకి కూడా చెప్పాను. గరిటె పక్కన పెట్టి నా వైపు తిరిగాడు. "ఎందుకు రాయవు" అన్నాడు. "ఇష్టం లేదు" అన్నాను. "ఎలా రాయవో నేనూ చూస్తాను" అని గరిటె తీసుకుని కూర కలుపుకున్నాడు. ఆయనకెందుకో అంత పట్టుదల.

*

నవంబర్ 5

గుండీకి,

ఈసారి పైన దీవెనలు లేవు. ఉత్తరం చివరికి వచ్చాక ఇవ్వాలో వద్దో చూద్దాం.

ఒరేయ్, దర్జీకి కొలత గురించి అబద్ధం చెప్పేవాణ్ణి ఎక్కడైనా చూశావా? నడుము ముప్పై నాలుగు, సీటు ముప్పై నాలుగు, తొడ పంతొమ్మిది. ఇవి మనిషి కొలతలు కావు, పీపా కొలతలు. నడుము ఆరంగుళాలు పెరిగితే సీటు నాలుగైనా పెరగాలి. నువ్వు పస్తులుంటున్నావని నాకు ఆ రోజే తెలిసింది. డబ్బు పంపితే తిప్పి కొడతావు. అందుకని ప్యాంటు నడుం పట్టీ లోపల, వెనక మధ్య కుట్టులో, నోట్లు ప్లాస్టిక్ కాగితంలో చుట్టి పెట్టి కుట్టాను. ఇరవై ఎనిమిది నడుమున్నవాడు ముప్పై నాలుగు ప్యాంటు తొడుక్కోవాలంటే ఆ కుట్టు విప్పక తప్పదు. దాని కోసమే విప్పు విప్పు అని అంతగా మొత్తుకున్నాను.

ఆరంగుళాల అబద్ధం చెప్పావు కాబట్టి ఆరు నోట్లు పెట్టాను. చిరిగిందని రాసి ముప్పై ఆరు అడిగావు. ఆహా, దొరికాయి, చాల్లేదు, ఇంకో రెండు అడుగుతున్నాడు అనుకున్నాను. ఎనిమిది పెట్టాను. అంగుళానికో నోటు. మొన్న ఇరవై ఎనిమిది అని రాశావు. అంటే ఇక అక్కర్లేదన్నమాట, ఫీజు కట్టేశాడు అని మీ అత్తయ్యతో గొప్పలు చెబుతుండగానే, ఆవిడ తర్వాతి వరుస చదివింది. పరీక్ష రాయడట.

పద్నాలుగు నోట్లు ఏం చేశావు? సినిమాలా? స్నేహితులా? పేకాటా?

మీ అమ్మ పోయిన రోజు నీకు ఆరేళ్లు. ఇంటి నిండా జనం ఉంటే నువ్వు నా మిషన్ కింద దూరి, గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని, ఏడవకుండా రంగు రంగూ వేరు చేస్తూ కూర్చున్నావు. ఆ రోజే నీకు ఈ పేరు వచ్చింది. ఆ రోజే అనుకున్నాను, వీణ్ణి ఈ మిషన్ దగ్గర కూర్చోనివ్వను, చదివిస్తాను అని. ఇప్పుడు తాపీగా వచ్చి నా రెండో మిషన్ మీద కూర్చుంటానంటావా? ఆ మిషన్ అమ్మేశాను. ఇక్కడ నీకు చోటు లేదు. పోయి పరీక్ష హాల్లో కూర్చో.

మామయ్య

తా.క. మిషన్ అమ్మలేదు. కోపంలో చెప్పాడు, నేను రాశాను. దాని మీద ఇప్పుడు పిల్లి పడుకుంటోంది. నువ్వు డబ్బు తగలేసే రకం కాదని నాకు తెలుసు. ఏం జరిగిందో వెంటనే రాయి. ఒకవేళ పేకాటే అయితే, గెలిచావో ఓడావో కూడా రాయి. - అత్తయ్య

*

నవంబర్ 9

మామయ్యకి, అత్తయ్యకి,

దీవెనలు రాకపోయినా గుండీ నమస్కారాలు.

మొదట నిజం చెప్పేస్తాను. ఆ రెండు ప్యాంట్లలో రెండోదాన్ని నేను తొడుక్కోనే లేదు. మొదటిదాన్ని ఒక్కసారి తొడుక్కున్నాను. చేయి వదలగానే అది నేల మీద ఉంది. కాలేజీలో తీరిగ్గా విప్పి కుట్టుకుందామని ప్యాంటు, బ్లేడు పట్టుకుని బయల్దేరాను కూడా. దారిలో క్యాంటీన్ ముందు వంటాయన ఆపి, ఆ ప్యాంటు ఎక్కడిదని అడిగాడు. అంతకు ముందు వారం నేను అక్కడ మంచినీళ్లు తాగి కూర్చుంటే ఆయన ఊరికే అన్నం పెడతానన్నాడు, నేను వద్దన్నాను. ఎంతైనా నీ మేనల్లుణ్ణి. ఈసారి ఆయన తెలివిగా, "ప్యాంటు ఇవ్వు, నెల రోజులు భోజనం పెడతాను. ఎవరికెవరం బాకీ ఉండం" అన్నాడు. సరే అన్నాను. ఊపిరి బిగబట్టి తొడుక్కున్నాడు. గంగాళం ఎత్తింది ఆయన. చిరిగింది ఆయనకి. ముప్పై ఆరూ ఆయన నడుమే. నేను నీ కుట్టు విప్పకపోవడానికి కారణం అదీ. పరాయివాడు విప్పకూడదని నువ్వే రాశావు కదా.

ఈ రోజు మధ్యాహ్నం నీ ఉత్తరం అందింది. క్యాంటీన్ మెట్ల మీద నిలబడి చదివాను. 'నడుం పట్టీ లోపల' అన్న చోటికి వచ్చేసరికి కాళ్లు వాటంతటవే లోపలికి పరుగెత్తాయి. వంటాయన పొయ్యి దగ్గర ఉన్నాడు. నలభై మంది భోజనాలు చేస్తున్నారు.

"అర్జంటుగా ప్యాంటు విప్పాలి" అన్నాను.

నలభై తలలూ కంచాల్లోంచి పైకి లేచాయి. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కూర నచ్చకపోతే చెప్పు, ఇదేం పద్ధతి" అన్నాడు.

బియ్యం బస్తాల వెనక్కి తీసుకెళ్లి సంగతి చెప్పాను. టేబుల్ మీద గుడ్డ ఒకటి చుట్టుకుని ప్యాంటు తీసి ఇచ్చాడు. నేను బ్లేడు పట్టాను. నీ కుట్టు విప్పడానికి ఎంతసేపు పట్టిందో తెలుసా మామయ్యా, పొయ్యి మీద కూర మాడింది. ప్లాస్టిక్ కాగితం బయటికొచ్చింది. ఎనిమిది నోట్లు. నాలుగు ఉతుకులు పడ్డ ప్యాంటు, ఒక్క నోటు కూడా తడవలేదు.

ఆయన ఆశ్చర్యపోతాడనుకున్నాను. "ఇందులోనూ పెట్టావా? నడుం దగ్గర గరగరలాడుతుంటే అనుకున్నాను. నీ అంత మొండివాణ్ణి చూడలేదు" అన్నాడు.

"ఇందులోనూ అంటే?" అన్నాను.

మొదటి ప్యాంటు చిరిగిన రోజు నోట్లు గంగాళం పక్కన పడ్డాయట. ప్యాంటుకి భోజనం అని ఒప్పుకుని కూడా నేను మనసు ఒప్పక భోజనం డబ్బు అందులో దాచానని ఆయన అనుకున్నాడు. "తీసుకుంటే నేను మాట తప్పినవాణ్ణి. తిరిగి ఇస్తే నువ్వు తీసుకునే రకం కాదు. అందుకని" అని ఆపి, "ముందు ఆఫీసుకి వెళ్లిరా, రేపే ఆఖరు" అన్నాడు. మాడిన కూర సంగతి చూసుకోవడానికి వెళ్లిపోయాడు, టేబుల్ గుడ్డతోనే.

ఎనిమిది నోట్లు పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాను. గుమాస్తా పుస్తకం తిరగేసి, "నీది కట్టేశారు కదా, సెప్టెంబర్ ఇరవై ఏడున" అన్నాడు.

"ఎవరు కట్టారు?"

"పేరు చెప్పలేదు. లావుపాటి మనిషి. ఏప్రాన్ వెనక్కి కట్టుకున్నాడు. అందరూ ముందుకి కట్టుకుంటారు కదా, అందుకే గుర్తుంది. దాని మీద కూడా నమ్మకం లేనట్టు, వెళ్లేటప్పుడు మా వైపే తిరిగి వెనక్కి నడుచుకుంటూ వెళ్లాడు."

మామయ్యా, నేను నెల రోజులుగా ఆ గుమాస్తాకి కనబడకూడదని చుట్టూ తిరిగి వెళ్తున్నాను. అక్కడే నిలబడి ఏడ్చాను. ఫీజు కట్టేశారంటే ఏడ్చినవాణ్ణి నిన్నే చూస్తున్నాను అని గుమాస్తా మంచినీళ్లు ఇచ్చాడు.

తిరిగి వచ్చేసరికి రసీదు ఉప్పు డబ్బా కింద ఉంది. రేపు చివరి రోజున నా చేతిలో పెట్టి నోరు మూయిద్దామని దాచాడట. ఆరు నోట్లలో ఐదు ఫీజుకి పోయాయి, ఒకటి రసీదులో మడతపెట్టి ఉంది. ఆ ఒక్కటీ నేను ఉంచుకున్నాను. నీ డబ్బు నేను తీసుకున్నానని మనియార్డరు తెచ్చిన పోస్టుమాన్‌కి గట్టిగా చదివి వినిపించు. దాంతో ఒక బెల్టు కొనుక్కున్నాను.

కాబట్టి టేపు ఇక నాకు అక్కర్లేదు, పార్సిల్‌లో పంపుతున్నాను. మూడు నెలలు ప్యాంటు మోసి కొంచెం సాగింది, దాంతో గిరాకీలని కొలవకు. అది పెట్టుకోవడానికి చిన్న సంచి కుట్టాను. గుడ్డ వంటాయన చిరిగిన ప్యాంటుదే. సంచి వెనక మధ్య కుట్టు విప్పు. నువ్వే విప్పాలి, ఇంకెవరికీ ఇవ్వకు. లోపల ఎనిమిది ఉన్నాయి. అవి నా నడుముకి కాదు, నీ కళ్లకి. కుట్టు వంకరగా ఉందని తిట్టాలనిపిస్తే కళ్లజోడు పెట్టుకుని, చూసి తిట్టు.

పంపేముందు చివరిసారి కొలుచుకున్నాను. పొడవు నలభై, సీటు ముప్పై ఐదున్నర, తొడ ఇరవై, నడుము ఇరవై తొమ్మిదిన్నర. ఈసారి అన్నీ కలిసే పెరిగాయి, సరిచూసుకో.

మీ గుండీ

తా.క. వంటాయన కొలతలు వేరే కాగితం మీద రాశాను. అవి మనిషి కొలతలే. ఇక్కడ హాస్టళ్ల వంటశాలల్లో రెడీమేడ్ దుకాణాలకి అందని నడుములు ఇంకో ఐదున్నాయి. గుడ్డా మజూరీ వాళ్లవే, అడ్వాన్సు కూడా ఇస్తామంటున్నారు. రెండో మిషన్ మీద నుంచి పిల్లిని లేపాల్సి రావచ్చు.

ఇంకో తా.క. అత్తయ్యా, పేకాట ఆడలేదు. అంగుళానికో నోటని మామయ్య ముందే చెప్పి ఉంటే ఎనభై అంగుళాలు రాసేవాణ్ణి.

ఆఖరి తా.క. మామయ్యా, దీవెనలు ఉత్తరం చివర చూద్దామన్నావు. చివరిదాకా చూశాను, అత్తయ్య తాజా కలం కింద కూడా చూశాను, లేవు. కొత్త కళ్లజోడు రాగానే ఎక్కడ పెట్టావో వెతికి పంపు. పరీక్షలు ఇరవై ఐదో తారీఖున మొదలు.